ఊ కొట్టని అధ్యాయం

మాటనిచ్చిన తల్లికీ, ఆ మాట చేరడానికి చెవినిచ్చిన తండ్రికీ ముందుగా నమస్కారం. విఘ్నాలను తొలగించే స్వామిని ఈసారి పెద్ద కోరికలేవీ కోరను. ఈ కొద్ది పుటలు పూర్తయ్యేదాకా కన్ను మసకబారకుండా, మనసు విసుగు చెందకుండా చూస్తే చాలు. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, ఆశ్వయుజ శుద్ధ తదియ నాడు, బిట్రగుంటలో మా అక్క ఇంటి వసారాలో కూర్చుని ఇది వ్రాయడం మొదలుపెట్టాను.

నేను తెలుగు పండితుడిగా బడిలో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఉద్యోగమున్నంత కాలం రోజంతా గట్టిగా చదివాను, చదివించాను. పద్యం ఎక్కడ ఆగాలో, గొంతు ఎక్కడ దించాలో పిల్లలకు చెప్పీ చెప్పీ, విరమణ నాటికి నా గొంతు పాత తలుపు బందులా తయారైంది. ఇక ఎవరికీ ఏదీ గట్టిగా చదివి వినిపించే అవసరం రాదని ఆనాడు నిజంగా సంతోషించాను. ఆ సంతోషం ఈ ఏటి ఆషాఢం దాకా నిలిచింది.

అక్క నాకంటె చాలా పెద్దది. నన్ను చంకనెత్తుకుని తిప్పిన మనిషి. బావగారు ఇక్కడి లోకో షెడ్డులో పని చేసేవారు. ఆయన పోయిన తరువాత రైల్వే క్వార్టర్సు ఖాళీ చేసి, ఆ కాలనీ వెనకనే రెండు గదుల ఇల్లు కొనుక్కుని అక్కడే ఉండిపోయింది. నా భార్య గతించాక నేనూ ఇక్కడికే చేరాను. ఈ వేసవిలో అక్కకు వచ్చిన జ్వరం చాలాకాలం విడవలేదు. విడిచాక కూడా ఆమె మంచం విడవలేదు. చూపు ఏనాడో తగ్గింది, టీవీ బొమ్మలు అలుక్కుపోయినట్లు కనబడతాయి. పగలంతా పొద్దు ఎలా పోవాలన్నది ఆమెకు పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబుగా ఆమె కూతురి కూతురు ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

పుస్తకమంటే అచ్చయినది కాదు. ఆ పిల్ల తానే వ్రాసి, కాగితాల మీద ప్రింటు తీయించి, ప్లాస్టిక్కు చుట్టతో కుట్టించి తెచ్చిన నవల. తడ దగ్గరి పారిశ్రామిక వాడలో ఒక కంపెనీలో ఆమెకు ఉద్యోగం. చిన్న చిన్న లోహపు ముక్కలను భూతద్దం కింద పెట్టి, గీత పడినవాటిని ఏరి పక్కన వేయడం ఆ పని. వారమంతా అక్కడి హాస్టల్లో ఉంటుంది. షిఫ్టుకు తీసుకుపోయే బస్సులో కూర్చుని, ఫోనులోనే కొంచెం కొంచెంగా ఈ నవల వ్రాసిందట. నెల్లూరులో ఒక చిన్న ప్రచురణకర్త వేస్తానన్నాడు. కాని ఆమె అతనికి ఒక షరతు చెప్పింది. కథలోని నక్క తన అమ్మమ్మ చెప్పిన నక్క కనుక, అమ్మమ్మ మొత్తం విని చివరి వాక్యానికి ఊ కొడితేనే పుస్తకం అచ్చుకు ఇస్తానంది. అతను నవ్వి ఒప్పుకున్నాడట. ఊ కొట్టడమంటే మా ఇంట్లో ఏమిటో అతనికి తెలియదు.

మా అమ్మ పొలం పని ముగించుకుని వచ్చి పొయ్యి వెలిగించేది. అన్నం ఉడికేలోగా మేము నిద్రపోతే ఆ పూట పస్తే, మళ్ళీ లేపడం ఎవరి తరమూ కాదు. అందుకని పొయ్యి దగ్గర కూర్చుని కథ చెప్పేది. వాక్యం చివర ఆగేది. వింటున్నవాళ్ళు ఊ అనాలి. ఊ వినబడకపోతే కథ అక్కడే నిలిచిపోతుంది, మరునాడు ఆఖరి ఊ దగ్గర మళ్ళీ అందుకోవాలి. ఇది అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంటి నియమం ఇంకొకటి ఉంది. చెప్పేవారు పరాకున ఊ లేకుండానే కథను చివరిదాకా లాక్కుపోతే, ఆ కథ చెప్పినట్లు కాదు. మొదటి నుంచి చెప్పాలి. ఈ నియమం అమ్మ తనకు తానే పెట్టుకున్న శిక్ష అని నా ఊహ. అలసిపోయిన మనిషి కథను త్వరగా ముగించాలని తొందరపడకుండా ఉండడానికి.

అమ్మ చెప్పిన కథలన్నిటిలోనూ ఒకే నక్క. సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులో దాని కాపురం. ఆకలి దాని వృత్తి. ఎండ్రకాయ బొక్కలో తోక పెట్టి కూర్చుంటుంది. ఎండ్రకాయ తోకను పట్టుకోగానే చివాలున లాగి, దాన్ని తినేస్తుంది. ఒకనాడు ముసలి ఎండ్రకాయ ఒకటి తోక పట్టుకుని లోపలికే లాగుతుంది. నక్క ఏడుస్తుంది, బతిమాలుతుంది, చుట్టరికాలు కలుపుతుంది, చివరకు ఏదో అబద్ధం చెప్పి బయటపడి తోపులోకి పరుగెత్తుతుంది. మరునాడు మరొక కథ. నక్క మోసపోతుంది, మోసం చేస్తుంది, తన్నులు తింటుంది. అక్క తన పిల్లలకూ ఆ పిల్లల పిల్లలకూ ఈ కథలే చెప్పింది. నేను కావ్యాలు చదువుకుని ఈ నక్కను మరచిపోయాను.

మనవరాలి నవలలో ఆ నక్క మనిషి రూపంలో పారిశ్రామిక వాడ గేటు దగ్గరికి వచ్చి కాపలాదారు ఉద్యోగంలో చేరుతుంది. సరుగుడు తోపు కొట్టివేసి, బురద నేల పూడ్చి కట్టిన కర్మాగారం అది. నక్క తోకను నడుముకు చుట్టుకుని, పైన చొక్కా దోపుకుని, మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడేసుకుంటుంది. ఆ కర్మాగారాన్ని నడిపేవాడు నీడల కాంట్రాక్టరు. పనిలోకి వచ్చేవాళ్ళు గేటు దగ్గర తమ నీడను అప్పగించి టోకెను తీసుకోవాలి. మనిషి అలసట నీడలోనే ఉంటుందట. నీడ లేనివాడు ఎంత సేపయినా పని చేస్తాడు. షిఫ్టు దిగాక నీడను తిరిగి తొడుక్కున్నప్పుడు ఆ బరువంతా ఒక్కసారి మీద పడుతుంది. రానురాను కాంట్రాక్టరు నీడలను తిరిగి ఇవ్వడమే మానేస్తాడు. జనం అలసట తెలియకుండా తిరుగుతుంటారు, నిద్ర కూడా మరచిపోతారు. నక్కకు ఇదేమీ పట్టదు. నీడ పరిస్తే ఎండ్రకాయలు సాయంత్రమైందనుకుని బొక్కల్లోంచి బయటికి వస్తాయని కనిపెట్టి, కొట్టులో మడత పెట్టిన నీడలను ఒకటొకటిగా దొంగిలించడం మొదలుపెడుతుంది.

చదువుతూ నేను ఆశ్చర్యపోయిన మాట నిజం. భాషలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, పెన్సిలుతో అంచుల్లో గుర్తులు కూడా పెట్టాను. కాని మనిషి అలసటను నీడలో దాచిన ఆ ఊహ దగ్గర నా పెన్సిలు ఆగింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చి, చేపల పులుసు అడిగి తిని, ఆదివారం సాయంత్రం రైలెక్కే పిల్ల ఇది ఎక్కడ చూచిందో నేనడగలేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక, సముద్రపు గాలి తిరిగే వేళకు మంచం పక్కన కుర్చీ వేసుకుని చదివేవాణ్ణి. అక్క కళ్ళు మూసుకుని వాక్యానికొక ఊ ఇచ్చేది. కొన్నాళ్ళకు ఆమె కపటం నాకు అర్థమైంది. నక్క ఎండ్రకాయలు తినే ఘట్టం రాగానే ఊ ఆగిపోయేది. చదివే ఊపులో ఆ ఘట్టం పూర్తయ్యాకే అది గమనించి ఆగేవాణ్ణి. మరునాడు నియమం ప్రకారం ఆఖరి ఊ దగ్గర అందుకుంటే, ఆ ఘట్టమంతా మళ్ళీ చదవాల్సి వచ్చేది. ఆ అధ్యాయం దాటడానికి నాకు చాలా రోజులు పట్టింది. వేడినీళ్ళు తాగుతూ, మిరియాలు నములుతూ చదివాను. నువ్వు వింటున్నావు, నాకు తెలుసునని ఒకసారి అన్నాను. జ్వరపడి లేచినదాన్ని, నీరసం రాదా అంది అక్క, ఎంతో దీనంగా. నీరసం నాకూ ఉంది. ఊ కొట్టకుండా తప్పించుకునే హక్కు మాత్రం నాకు లేదు.

శ్రావణం మధ్యకు చివరి అధ్యాయానికి వచ్చాము. ఈలోగా పుస్తకానికి ముందుమాట వ్రాయమని మనవరాలు నన్ను కోరింది. నేను ముగింపు ముందే చదివేసి, ముందుమాట కూడా వ్రాసి ఉంచాను. ఆ ముగింపులో నక్క తన అసలు రూపంతో గేటు దగ్గర అందరి ఎదుటా నిలబడుతుంది. కొట్టు తలుపు తెరవడానికి బదులుగా తన తోకను కాంట్రాక్టరుకు ఇచ్చి, అందరి అలసటనూ తానే మీద వేసుకుని, ఆ బరువుకు నేలకొరిగి ప్రాణం విడుస్తుంది. జనం నీడలతో ఇళ్ళకు వెళతారు. చదివిన నాడు నా కళ్ళు చెమర్చాయి. ఒకరి కోసం శరీరాన్ని ధారపోసిన పురాణ పురుషుల వరుసలో ఈ అల్పప్రాణి కూడా నిలిచిందని, హాస్యంతో మొదలైన కథ కరుణలో పరిపూర్ణమైందని ముందుమాటలో వ్రాశాను. చాలాకాలం తరువాత నాకే నచ్చిన వచనం అది.

ఆ మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంది. నక్క గేటు దగ్గరికి నడిచి వచ్చే వాక్యం చదివి ఆగాను. ఊ రాలేదు. తలెత్తి చూస్తే అక్క గోడ వైపు తిరిగి ఉంది. నిద్ర పట్టిందనుకున్నాను. మిగిలినవి కొన్ని పుటలే. ఆగితే రేపు, రేపు ఆగితే ఎల్లుండి. నా గొంతు నొప్పి పెడుతున్నది. నిద్రలోనైనా చెవిన పడుతుందిలే, ఈ పని ఇవాళ్టితో తీరిపోతుందని చివరి వాక్యం దాకా చదివేసి కాగితాలు మూశాను. అప్పుడు గోడ వైపు నుంచే మాట వచ్చింది.

“యాడిదాకా వచ్చినావు?”

“అయిపోయింది.”

“ఏందయిపోయింది? నేను ఊ కొట్టినానా?”

“నిద్రపోతున్నావనుకున్నా.”

“నిద్రపోతే గురక పెడతా గదా. అబ్బయా, నీకు తెలీందా అది?”

ఈ వయసులో నన్ను అబ్బయా అని పిలిచే మనిషి ఈమె ఒక్కతే. రేపు చివరి అధ్యాయం మళ్ళీ చదువుతానన్నాను. చివరిదాకా వచ్చేశావు కనుక అమ్మ నియమం ప్రకారం మొదటి పుట నుంచి చదవాలంది. అది పోనీ అనుకున్నా, నేను ఎన్నిసార్లు చదివినా ఆ అధ్యాయానికి తాను ఊ కొట్టనని చెప్పి కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రం ఫోను చేసి మనవరాలికి విషయం చెప్పాను. ప్రచురణకర్త వచ్చే నెలాఖరు దాకానే ఆగుతాడనీ, ఆ తరువాత ఆయనకు పాఠ్యపుస్తకాల పని వస్తుందనీ, శనివారం వస్తాననీ చెప్పి పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నపు రైలుకు వచ్చింది. ముందురోజు షిఫ్టు చేసి, సరిగా నిద్ర లేకుండా వచ్చినట్లుంది. కళ్ళ కింద నలుపు కనబడుతూనే ఉంది. సంచీ మూలన పెట్టి, కాళ్ళు కడుక్కుని, మంచం పట్టె మీద కూర్చుంది. అన్నం తినమంటే తరువాత అంది.

“ఎందుకు ఊ కొట్టలా అవ్వా?”

“నక్క మనకోసం సచ్చేదేందిమే?” అంది అక్క. “దాని కడుపు దానిది. ఎండ్రకాయ కోసం వచ్చింది, దొరికితే తినిపోద్ది. దొరక్కపోతే తిట్టుకుంటా పోద్ది.”

“ఇది పుస్తకం అవ్వా. ఆడ ఏదో ఒకటి జరగాల గదా.”

“జరగనీ. అది సచ్చిపోతే రేపేం చెప్తావు?”

“రేపు లేదు. పుస్తకం ఆడితో అయిపోద్ది.”

“పుస్తకం అయిపోతే కానీ. నక్క ఎందుకయిపోవాల?”

నేను కలుగజేసుకున్నాను. ఆ మరణం లేకపోతే కథకు గాంభీర్యం రాదనీ, త్యాగం వలననే ఆ పాత్రకు ఔన్నత్యం కలిగిందనీ, పాఠకుడి హృదయం కరిగేది అక్కడేననీ విడమరచి చెప్పాను. అక్క ఓపికగా వింది. నా వాక్యాలలో ఒక్కదానికీ ఊ కొట్టలేదు. మనవరాలు కూడా నా వైపు చూడలేదు. తన చేతివేళ్ళను చూచుకుంటూ, మాకెవరికీ చెబుతున్నట్లు కాకుండా, మెల్లగా అంది.

“గొప్పగా ఉండాలని చంపలా తాతా. బయటికి పోయే దారి నాకు కనపడలా. గేటు కాడ ఇద్దరుంటారు. గేటు దాటితే బస్సు. బస్సు దిగితే హాస్టలు, ఆడా గేటే. నక్కని యాడనుంచి పంపించాల? రెండు నెలలు ఆలోచించినా. తెలీలా. అందుకని చంపేసినా.”

కుర్చీలో నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను. నేను కరుణరసమని పేరు పెట్టి ముందుమాటలో కొనియాడినది ఈ పిల్ల అలసట. దారి కనబడక ఆగిపోయిన చోటును నేను శిఖరమన్నాను. ఆ మాట పైకి అనలేదు. అనడానికి కూడా ఓపిక లేదు.

అక్క చేయి చాచి మనవరాలి మోకాలి మీద పెట్టింది. ఆ చేయి తీయకుండానే అడిగింది.

“వానొస్తే ఆడ నీళ్ళు యాడికి పోతాయి?”

“ఏ నీళ్ళు?”

“మీ కంపెనీలో. చుట్టూ గోడ కట్టినారంటివి గదా. నీళ్ళు నిలబడవా?”

“గోడ కింద తూముంది. క్యాంటీను ఎనక. జాలీ కొట్టినారు దానికి.” ఆమె ఆగింది. “మొన్న వానకి ఆ జాలీ చిరిగింది. ఎండ్రకాయలు లోపలికొచ్చినాయి అవ్వా. అందరూ బెంచీలెక్కి కూర్చున్నారు. మా సూపర్‌వైజరు అందరికంటే ముందు ఎక్కినాడు.”

అక్క నవ్వింది. జ్వరం తరువాత ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు. మనవరాలు కూడా నవ్వబోయి, నోటి మీద చేయి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ముఖంలో ఏదో కదలడం నాకు కనబడింది. బస్సులో ఫోను మీద వంగి వ్రాసేటప్పుడు ఆమె అలాగే ఉంటుందేమో.

తరువాత జరిగినది వ్రాతలో పెట్టడం కష్టం. ఆమె కాగితం తీయలేదు, ఫోను తీయలేదు. నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది. నక్క దొంగిలించిన నీడలన్నిటినీ మూట కట్టి, ఎరగా తోకకు కట్టుకుని, క్యాంటీను వెనకకు పోయింది. అక్క ఊ అంది. తూములో ముసలి ఎండ్రకాయ ఉంది, బురద నేలను పూడ్చిన నాటి నుంచి అక్కడే దాక్కుని ఉంది. ఊ. నక్క బొక్కనుకుని తూములో తోక పెట్టింది. ఎండ్రకాయ పట్టింది. ఇది నాకు తెలిసిన పట్టే అనుకుని నక్క లాగింది, రాలేదు. అవతలి వైపు నుంచి ఎండ్రకాయ లాగింది. ఊ. నక్క ఏడ్చింది, చిన్నాయనా అంది, పెదనాయనా అంది, నాకు షిఫ్టుంది వదలమంది. ఇక్కడ అక్క ఊ కొట్టడానికి ముందు మళ్ళీ నవ్వింది. వెనక నుంచి కాంట్రాక్టరు మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. వేరే దారి లేక నక్క వెనక్కు వెనక్కు నడిచి, కాళ్ళు ముడుచుకుని, ఎండ్రకాయ లాగిన వైపే తూములోంచి గోడ అవతలికి జారిపడింది. మూట జాలీకి తగులుకుని చిరిగింది. నీడలు రోడ్డు మీద పడి, తమ తమ మనుషుల వైపు పరుగెత్తాయి. ఆ రోజు ఊళ్ళో అందరికీ ఒక్కసారిగా అలసట తెలిసింది. ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. యంత్రాలు ఆగాయి. జనం నిద్రపోయారు. నక్కకు ఇదేమీ తెలియదు. దానికి తోక చివర కొంచెం తెగింది, ఎండ్రకాయ దక్కలేదు. తిట్టుకుంటూ, ఎక్కడైనా తోపు మిగిలి ఉందేమోనని సముద్రం వైపు పోయింది.

ఆమె ఆగింది. వసారాలో గాలికి తడికె కదిలింది. అక్క కళ్ళు మూసుకుని ఉంది. ఈసారి నిద్రేమోనని నేను తొందరపడలేదు, మనవరాలూ తొందరపడలేదు.

“ఊ,” అంది అక్క.

అన్నం తింటావా అని అడిగేలోగా ఆ పిల్ల మంచం పక్కన చాప మీద ఒరిగి నిద్రపోయింది. చేపల పులుసు చల్లారింది. లేపబోతే అక్క వద్దని చేయి ఊపింది. సాయంత్రం లేచాక తిన్నది. ఆదివారమంతా వసారాలో కూర్చుని, చెప్పింది చెప్పినట్లు ఫోనులో వ్రాసుకుంది. వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“తాతా, మీ ముందుమాట శానా బాగుంది. కానీ అది సచ్చిపోయిన నక్క గురించి గదా.”

అవునన్నాను. కొత్తది వ్రాసిస్తారా అని అడిగింది. కొంతకాలం క్రితమైతే ఆ రాత్రికే కూర్చుని వ్రాసేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదమ్మా అన్నాను. బలవంతపెట్టలేదు. స్టేషను దాకా సంచీ పట్టుకుని వస్తానంటే, మీరు కూర్చోండి తాతా అని తానే మోసుకుని వెళ్ళింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటికీ నాకు మొదటి ముగింపే ఎక్కువ నచ్చుతుంది. నక్క నేలకొరిగే ఆ వాక్యం ఇంకా నా చెవిలో మోగుతుంది. పెద్ద చావులను గౌరవించడం నేర్పిన చదువు నాది. ఈ వయసులో అది మారదు. కాని ఆ కొత్త ముగింపు చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతులో మా అమ్మ పొయ్యి దగ్గరి తొందరలేనితనం వినబడిందని కూడా చెప్పాలి. ఆ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానితో ఒకటి పోట్లాడడం లేదు. వాటికీ ఓపిక లేదేమో.

సోమవారం మధ్యాహ్నం కుర్చీ వేసుకున్నాను. ముగింపుకు ఊ కొట్టావు కదా, ఇక మొదటి నుంచి చదవడమెందుకని అక్కను అడిగాను. మనవరాలు చెప్పిన కథ వేరు, నేను ఊ లేకుండా ముగించిన కథ వేరు అంది. ఆ పిల్ల అప్పు తీరింది, నాది తీరలేదట. నా గొంతు పాడైపోయిందని చూపించాను. ఆమె చెవి దగ్గరికి కుర్చీ జరుపుకుని మెల్లగా చదవమంది. జరుపుకున్నాను.

భాద్రపద బహుళ పంచమి నాడు వ్రాతప్రతి నెల్లూరులో అచ్చుకు వెళ్ళింది. పుస్తకానికి ముందుమాట లేదు. ఆ రోజుకు నేను ఎండ్రకాయల అధ్యాయంలో ఉన్నాను.